మక్కల కవరు ఏ బుట్టలో పడాలి?

వానపాము వేడికి ఓర్వదు. బెడ్డులో 30 డిగ్రీలు దాటితే అడుక్కు దిగుతుంది, 35 దాటితే చావడం మొదలవుతుంది. జడ్చర్ల దగ్గరున్న మా వర్మీకంపోస్టు షెడ్డులో శివరాత్రి పోయిందంటే ఎరువు సంగతి తర్వాత, ముందు చల్లదనం కాపాడుకోవాలి. బెడ్ల మీద గోనెపట్టాలు కప్పి పొద్దున ఒకసారి, మాపు ఒకసారి నీళ్లు చల్లుతాం. పాలమూరు ఎండ 43, 44 డిగ్రీలకు పోయినా లోపలున్న ఎర్రలకు తెలియకూడదు.

ఇప్పుడు బజారులో ‘మక్కల కవరు’ అని అమ్ముతున్న కంపోస్టబుల్ కవరు సంగతి చూడండి. దానికి ప్రమాణం ఐఎస్/ఐఎస్ఓ 17088. ఆ ప్రమాణం కింద పరీక్ష జరిగేది 58 డిగ్రీల దగ్గర. 12 వారాలయ్యాక జల్లిస్తే 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద పదో వంతుకు మించి మిగలకూడదు. 180 రోజుల్లో అందులోని కర్బనం 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోవాలి. ఈ పరీక్ష నెగ్గిన కవరును నేను తప్పుపట్టను. అంత వేడి, అన్ని వారాలు, సరిపడా తేమ, గాలి ఇస్తే అది నిజంగానే కరుగుతుంది. కానీ అవన్నీ ఒక్కచోట మా జిల్లాలో ఎక్కడ దొరుకుతాయి? మా బెడ్డులో దొరకవు. దాని కోసం వేడి పెంచితే ముందు పోయేవి ఎర్రలే.

హోటళ్ల నుంచి, ఒక బేకరీ నుంచి, కూరగాయల మార్కెట్ నుంచి మాకు తడిచెత్త వస్తుంది. దాన్ని పేడతో కలిపి కొన్నాళ్లు కుప్ప పోసి, ఆ కుప్ప వేడెక్కి చల్లారిన తర్వాతే బెడ్లకు ఎక్కిస్తాం. కుప్ప వేడిగా ఉండేది రెండు మూడు వారాలు. కవరు అడిగే 12 వారాలకు అది ఏ మూలకూ రాదు. అందుకే ఆకుపచ్చ కవరు అరటితొక్కతోనే కుప్పలోకి పోతుంది కానీ, అరటితొక్క ఆనవాలు లేకుండా పోయాక కూడా బెడ్డులోనే ఉంటుంది. ఎరువు జల్లించేరోజు బయటపడుతుంది. ఉల్లిపొరలాగా పలుచబడి, వేళ్ల మధ్య సాగుతూ, కొన్ని ముక్కల మీద ‘నేను ప్లాస్టిక్ కాదు’ అన్న ఇంగ్లీషు అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగా ఉంటాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీకంపోస్టులో 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి. కవరు ముక్కలు దిగవు, మెష్‌కు చుట్టుకుంటాయి. మా దగ్గర పనిచేసే ఆడవాళ్లు జల్లెడ ఆపి, తిరగేసి, ముక్కముక్కా గిల్లి తీయాలి. ముక్క మిగిలిన సంచి మిద్దెతోట పెట్టుకున్నవాళ్లకు పోయిందంటే మర్నాడు ఫోనొస్తుంది. ప్లాస్టిక్ కలిపి అమ్ముతున్నామని వాళ్ల ఫిర్యాదు. అది ప్లాస్టిక్ కాదమ్మా అని నేనెలా చెప్పను? చట్టం కూడా దాన్ని ప్లాస్టిక్ అనే అంటోంది, కంపోస్టబుల్ ప్లాస్టిక్ అని.

బేకరీ ఆయనను అడిగితే పాపం మంచి మనసుతోనే చెప్పాడు. “అక్కా, గిది మక్కలతోటి చేసింది. మీ ఎర్రలు తింటయనుకొనే ఏసిన.” ఆయనకు కవర్లు అమ్మిన ఏజెంటు భూమిలో పెడితే మూడు నెలల్లో మట్టవుతుందన్నాడట. నమ్మి, మామూలు కవరు కంటే ఎక్కువ ధర పెట్టి కొన్నాడు. ఇందులో మక్కలున్న మాట కొంతవరకు నిజమే. మొక్కజొన్న పిండిపదార్థం ఉంటుంది, దాంతోపాటు పీబ్యాట్ అనే పాలిస్టర్ ఉంటుంది, కొన్నిట్లో పీఎల్ఏ అనే ఇంకో ప్లాస్టిక్ ఉంటుంది. పీబ్యాట్ ఎక్కువగా తయారయ్యేది పెట్రోలియం సరుకు నుంచే. అయినా సూక్ష్మజీవులు తినగలిగేలా దాన్ని కట్టారు. వాటికి తగిన వేడి దొరికినప్పుడు మాట అది.

ఇంట్లో వాళ్ల చిక్కు నా చిక్కు కంటే పెద్దది. 2016లో ఘన వ్యర్థాల నిబంధనలు వచ్చినప్పటి నుంచి మున్సిపాలిటీ బండి పాట పెట్టుకొని మరీ తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు అని చెబుతోంది. కొద్దో గొప్పో జనానికి చేయి అలవాటైంది. ఇంతలో ఈ కవరొచ్చింది. తడిబుట్టలో వేస్తే నాలాంటివాళ్ల జల్లెడకు చుట్టుకుంటుంది. పొడిబుట్టలో వేస్తే పాత సామాన్లు కొనేవాళ్ల సరుకు చెడగొడుతుంది. బండిమీది మనిషిని అడగండి, ఆమె ఏం చెప్పగలదు? ఆమెకు ఎవరూ చెప్పలేదు. చివరికి రెండు బుట్టల్లోంచీ ఏరి డంపింగ్ యార్డుకు తోలేస్తారు. అక్కడ గాలాడని చోట కూరుకుపోతే కరిగినంత మేర మీథేన్ వస్తుంది, కరగకపోతే ఎండాకాలంలో అంటుకునే మంటలో కాలుతుంది.

పాత సామాన్ల విషయం కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మహబూబ్‌నగర్‌లో నాకు తెలిసిన స్క్రాప్ దుకాణం ఆయన కవరును చెవి దగ్గర పెట్టి నలుపుతాడు. పాలప్యాకెట్టు, పాలిథిన్ కవరు కరకరమంటాయి. మక్కల కవరు చప్పుడు చేయదు, మెత్తగా ముద్దవుతుంది. చప్పుడు లేనిది పక్కకు విసిరేస్తాడు. కిలోకు ఎంతో కొంత వచ్చే సరుకులో రేటు లేనిది కలిస్తే పైనుంచి కొనేవాడు మొత్తం లాటు రేటు తగ్గిస్తాడు. కారణం ఉంది. పాలిథిన్‌తో కలిసి కరిగిన పీబ్యాట్ దానితో అతకదు, ఊదిన షీటుకు బలం ఉండదు, చిల్లులు పడతాయి. పీఎల్ఏతో చేసిన గ్లాసు నీళ్లబాటిళ్లలో కలిస్తే ఇంకా కష్టం. బాటిల్ ప్లాస్టిక్ కరిగేది 250 డిగ్రీల పైన, పీఎల్ఏ 150, 170 మధ్యనే కరిగి మాడిపోయి సరుకంతా పసుపుబారుతుంది. చూపుకు రెండు గ్లాసులూ ఒక్కలాగే తళతళలాడతాయి. ఎన్ని గ్లాసులను చెవి దగ్గర పెట్టుకుంటాడాయన?

పైగా ఆ పేరుతో అమ్ముడయ్యేవన్నీ అసలువి కావు. అసలుదాని మీద ‘కంపోస్టబుల్’ అన్న మాట, తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు ఉండాలి. మా వైపు సంతల్లో దొరికే ఆకుపచ్చ కవర్లలో చాలావాటి మీద ఒక చెట్టుబొమ్మ, ‘బయో’ అన్న మాట తప్ప ఇంకేం లేవు. కొన్ని మామూలు పాలిథిన్‌లో ఏదో రసాయనం కలిపి ఎండకు పొడిపొడిగా రాలిపోయేలా చేసినవి. రాలిపోవడం వేరు, కరగడం వేరు. యూరోపియన్ యూనియన్ ఈ రకాన్ని 2019 ఆదేశంతోనే నిషేధించింది. అనుమానమొస్తే నేను మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ చుక్క వేసి చూస్తాను. పిండిపదార్థం ఉంటే నల్లబడుతుంది. ఇది పక్కా పరీక్ష కాదు, పిండి లేకుండా చేసిన అసలు కవర్లూ ఉన్నాయి. కవరు కొన్నవాళ్లంతా అయోడిన్ సీసా పట్టుకు తిరగాలా అని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు.

“మనకెందుకు భయం, మన ఎండకు ఇనుమే కరుగుతది” అని ఒక పంచాయతీ కార్యదర్శి నాతో నవ్వుతూ అన్నాడు. నల్లగొండ, పాలమూరు ఎండల గురించి ఇలాంటి మాటలు మనకు అలవాటే. కానీ కుప్పలో 58 డిగ్రీలు సూర్యుడివల్ల రావు. కుప్పలోని సూక్ష్మజీవులు తిని, ఊపిరి తీసి పుట్టించే వేడి అది. కుప్ప కనీసం మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉండాలి, పిండితే చేయి తడయ్యేంత తేమ ఉండాలి, వారం వారం తిప్పాలి. మన మెట్టప్రాంతపు ఎండ ఆ తేమనే ముందు తాగేస్తుంది. ఎండిన కుప్ప చల్లబడి పడుకుంటుంది. ఎండలో పడ్డ కవరు పెళుసై చినుగుతుంది, ఆ ముక్కలు గాలికి పోయి పక్కనున్న పత్తిచేలో తేలతాయి. ఊళ్లలో ఇంటి వెనక పెంటకుప్పలో వేసినా అంతే. ఏడాదంతా పేడ, బూడిద, ఊడ్పు పోసి మృగశిర కార్తెకు ముందు బండ్లకెత్తి చేనుకు తోలే ఆ పెంటలో కవరు అంచులు తెల్లగా, పచ్చగా కనిపించడం నేను చూస్తూనే ఉన్నాను. పల్లె ప్రగతి కింద 2019 నుంచి ఊరూరా ట్రాక్టరు, డంపింగ్ యార్డు, కంపోస్టు షెడ్డు వచ్చాయి. ఆ షెడ్లలోని చిన్న చిన్న తొట్లు ఆకులకు, కూరగాయల తొక్కలకు సరిపోతాయి. ఈ కవరును మాత్రం అవి కరిగించలేవు.

ఇది మా పాలమూరు గోల ఒక్కటే కాదు. ఇంగ్లండ్‌లో ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు రకరకాల కవర్లను మట్టిలో పూడ్చి, సముద్రంలో ముంచి, గాలికి వేలాడదీసి మూడేళ్లు చూశారు. 2019లో ఫలితాలు అచ్చువేశారు. కంపోస్టబుల్ కవరు సముద్రంలో మూడు నెలల్లోనే కనిపించకుండా పోయింది. మట్టిలో మాత్రం 27 నెలల తర్వాత కూడా ఉంది, కాకపోతే బరువు మోయలేదు. ‘బయోడిగ్రేడబుల్’ అని రాసి ఉన్న కవరులో మూడేళ్ల తర్వాత కూడా సరుకులు మోసుకుపోవచ్చు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ 2022లో ఇంకోటి చెప్పింది: ఇంటి కంపోస్టుకు పనికొస్తాయని ముద్ర వేయించుకున్న వస్తువుల్లో కూడా 60 శాతం జనం ఇళ్లలోని కుప్పల్లో పూర్తిగా కరగలేదు. వానలు ఎక్కువగా పడే దేశంలో, ఎరువు చేయడం ఒక సరదాగా పెట్టుకున్నవాళ్ల పెరళ్లలో పరిస్థితి ఇది.

మన హైదరాబాద్ శాస్త్రవేత్తలను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. డీఆర్‌డీవోకు చెందిన అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ తయారుచేసిన కవర్లను 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం అమ్మకానికి పెట్టారు. మూడు నెలల్లో కరుగుతాయన్నారు, పశువులు తిన్నా హాని లేదన్నారు. తిరుమల వంటి చోట వచ్చే దారులు కొన్నే, నిర్వహించే సంస్థ ఒకటి, అక్కడే ఉండిపోయే చెత్తకు ఒక పద్ధతి పెట్టవచ్చు. కానీ లడ్డూ కవరు కొండమీద ఉండిపోదు. భక్తుడితోపాటు రైలెక్కి జడ్చర్ల దాకా వస్తుంది, చుట్టుపక్కలవాళ్లకు ప్రసాదం పంచాక మా వీధిలో చెత్తబండిలో పడుతుంది. కవరు తయారుచేసినవాళ్లు దాని పుట్టుక గురించి ఆలోచించారు, చావు సంగతి అది చేరిన పట్టణానికే వదిలేశారు.

చట్టం మాత్రం వదిలేయలేదు. ఇది తెలిసినప్పటి నుంచే నాకు కోపం. ప్లాస్టిక్ నిబంధనలకు 2021 ఆగస్టులో వచ్చిన సవరణతో కవరు మందం ముందు 75, తర్వాత 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదన్నారు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు బందు. రెండిట్లోనూ కంపోస్టబుల్ సరుకుకు మినహాయింపు. ఇంతవరకు అందరికీ తెలుసు, వ్యాపారులకు మరీ బాగా తెలుసు. తెలియనిది దాని పక్కనే ఉంది. 2022 ఫిబ్రవరి 16న వచ్చిన ఉత్పత్తిదారుల బాధ్యత మార్గదర్శకాల్లో కంపోస్టబుల్ కవర్లను, ప్యాకింగును నాలుగో కేటగిరీగా పెట్టారు. అమ్మినదాంట్లో 2024-25లో కనీసం 50 శాతాన్ని, ఏడాదికి పది చొప్పున పెంచుకుంటూ 2027-28 నుంచి 80 శాతాన్ని పారిశ్రామిక కంపోస్టు కేంద్రాల్లోనే ఎరువుగా మార్చాలి. అంటే మినహాయింపు ఊరికే రాలేదు, బాధ్యతతో కలిపి వచ్చింది. మినహాయింపు మాత్రం మా ఊరి కిరాణా కొట్టు దాకా వచ్చింది. వాడిన కవరును విడిగా తీసుకుపోయే బండి నాకింతవరకు మహబూబ్‌నగర్‌లోనూ కనిపించలేదు, మా అక్కవాళ్లుండే నల్లగొండలోనూ కనిపించలేదు. ఇల్లు దాటించే దారే లేనప్పుడు ఆ 50 శాతం ఏ కేంద్రంలో ఎరువైందో లెక్క చూపించేవాళ్లు చూపించాలి.

ఈ కవరు పనికొచ్చే చోట్లు లేకపోలేదు. ఇటలీలోని మిలాన్‌లో 2012 నుంచి ఇంటింటికీ తిరిగి తిండి వ్యర్థాలను విడిగా తీసుకోవడం మొదలుపెట్టి, రెండేళ్లలో నగరమంతటికీ విస్తరించారు. దుకాణంలో సరుకులకిచ్చే కంపోస్టబుల్ సంచినే జనం తడిచెత్త బుట్టలో పరిచి, చెత్తతో సహా అప్పజెబుతారు. అది వేడి కంపోస్టు ప్లాంటుకు పోతుంది. అక్కడ సంచి, బండి, ప్లాంటు ఒకదాని కోసం ఒకటి ఉన్నాయి. మనం సంచి ఒక్కటి తెచ్చుకున్నాం.

అంతదూరం పోనక్కర లేదు. 2000ల తొలి సంవత్సరాల్లో, అప్పటి నల్లగొండ జిల్లాలో భాగమైన సూర్యాపేట గురించి దేశమంతా మాట్లాడుకుంది. లక్ష దాటిన జనాభా. కమిషనర్ ఖాదర్ సాహెబ్ వీధుల్లోంచి చెత్తకుండీలు ఎత్తించేసి, ట్రాక్టర్లను ఇంటిముందుకే పంపి తడి, పొడి విడివిడిగా తీసుకోవడం మొదలుపెట్టారు. పొడిచెత్త అమ్మేవారు, తడిచెత్తతో కంపోస్టు, వర్మీకంపోస్టు చేసేవారు. వేరే ఊళ్ల కమిషనర్లు బస్సెక్కి వచ్చి చూసిపోయేవారు. నేను ఈ పనిలోకి వచ్చాక ఆ సంగతులు వెతికి వెతికి తెలుసుకున్నాను. నాకు అర్థమైనంతలో దాని బలం యంత్రాల్లో లేదు. ఇల్లాలి చేతికి ఒకే ప్రశ్న వేశారు, తడిదా పొడిదా అని. చూసీ చూడగానే చేయి జవాబు చెప్పేది. ఇన్నేళ్లకు మన పట్టణాలు మళ్లీ ఆ అలవాటు దాకా వస్తున్న సమయంలో, చేయి జవాబు చెప్పలేని వస్తువును తెచ్చి ఆ చేతుల్లోనే పెట్టాం.

ఫంక్షన్ హాళ్లలోని ‘ఎకో’ ప్లేట్ల గురించి పెద్దగా చెప్పను. చెరకుపిప్పి ప్లేట్లు తడిపి చింపివేస్తే కుప్పలో బాగానే కలిసిపోతాయి. మోదుగాకు విస్తరి అయితే ఇంకా మేలు. మా తరం పిల్లలుగా ఉన్నప్పుడు ఆదివారం మటన్ మోదుగాకులోనే చుట్టి ఇచ్చేవారు. నల్లగొండ వైపు తాటివనాల్లో కల్లు ఇప్పటికీ తాటాకు రేకలో పట్టేవాళ్లున్నారు. మా బెడ్డులో మోదుగాకు ఎర్రలకు ఇష్టమైన మేత, పుల్లలు కూడా మిగలవు. అయితే ఈమధ్య వచ్చే విస్తర్లను తిరగేసి చూడండి. ఆకు కింద మెరిసే పలుచని ప్లాస్టిక్ పొర అంటించి ఉంటోంది, పులుసు కారకుండా. అలాంటివి వస్తే బండి దించుకోను. పెళ్లివారు కోప్పడతారు, పడనీ.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. వేడి కంపోస్టు ప్లాంటు, దానికి తీసుకుపోయే బండి లేని పట్టణంలో ఈ కవర్లకు మినహాయింపు వర్తించకూడదు, బట్టసంచినే అడగాలి. ప్లాంటున్న చోట వీటిని తడిచెత్త బుట్టలో పరిచే సంచిగా మాత్రమే, ఎవరికైనా పదడుగుల దూరం నుంచి తెలిసే ఒకే రంగు చారతో అమ్మాలి. మిగతా ఏ కవరుకూ ఆ చార ఉండకూడదు. ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో వేసే సర్టిఫికెట్ నంబరు పక్కన, దీన్ని ఇంటి పెంటలో, వర్మీ బెడ్డులో వేయొద్దని తెలుగులో రాయాలి. 50 శాతం, 60 శాతం చేశామని లెక్క చూపే కంపెనీ ఏ ఊరి కవర్లు ఏ ప్లాంటుకు తోలిందో ఆ ఊరి మున్సిపాలిటీకి కాగితం ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలు చిన్న దుకాణాల మీద జరిమానాలతోనే ఆగుతున్నాయి. బేకరీ ఆయన లాంటివాళ్లకు వెయ్యో రెండువేలో జరిమానా వేసినందువల్ల నా జల్లెడ శుభ్రం కాదు, ఆయనకు సరుకు వేసిన ఏజెంటు బిల్లు పుస్తకం చూడాలి.

నా షెడ్డుకు నేనైతే ఒక నియమం పెట్టుకున్నాను. తడిచెత్త బకెట్లలో, డ్రమ్ముల్లో వస్తేనే దించుకుంటాం. ఏ రకం కవరులో కట్టి పంపినా, అది మక్కలతో చేసిందైనా సరే, అక్కడే విప్పి, చెత్త పోసుకొని, కవరును వాళ్ల బండిలోనే వెనక్కి పంపుతాం. రెండు హోటళ్లవాళ్లు అలిగి మానేశారు. బేకరీ ఆయన మూతున్న డ్రమ్ము కొన్నాడు. ఇంట్లో మిగిలిపోయిన ఆ కవర్ల కట్టను ఏం చేయాలని ఆయన అడిగితే, అమ్మిన ఏజెంటుకే వాపసు ఇవ్వమన్నాను. ఏజెంటు ఇంకా ఫోను ఎత్తడం లేదట.